సార్ బ్యాక్‌హ్యాండ్‌కి వెయ్యకూడదు

ఆదివారం మధ్యాహ్నం, యూనివర్సిటీ షటిల్ హాలు. నెట్‌కి అటు గైడు, ఇటు ఆయన దగ్గర నాలుగేళ్ళుగా పరిశోధన చేస్తున్న శిష్యుడు. హాల్లో ఇంకెవరూ లేరు.

“అదేం షాటోయ్! నా బ్యాక్‌హ్యాండ్‌కి వేశావా?”

“వేశాను సార్.”

“నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా వెయ్యలేదే!”

“వెయ్యకూడదు సార్. కొత్తగా చేరినవాళ్ళకి ల్యాబ్ తాళం ఎక్కడుంటుందో చెప్పకముందే ఆ సంగతి చెప్తాం. సార్ బ్యాక్‌హ్యాండ్‌కి వెయ్యొద్దు, సార్ జోకేస్తే ఆలస్యంగా నవ్వొద్దు.”

“అంటే ఇన్నాళ్ళూ నేను గెలిచినవన్నీ...”

“స్టాఫ్‌కీ స్టూడెంట్లకీ స్నేహం పెరగాలని కదా మీరీ క్లబ్బు పెట్టింది. స్నేహం కొద్దీ ఓడిపోయాం.”

“నోరు బాగా లేస్తోందే. రేపు విచారణ కమిటీ ఉందనా?”

“సర్వీస్ మీది సార్.”

“అడిగినదానికి చెప్పు. రేపు కమిటీ ముందు ఏం వాగబోతున్నావ్?”

“ఉన్నదే. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే పొర నేను తయారుచేశాను. మీరు దాన్ని తీసుకెళ్ళి మీ అల్లుడి పేరు మీద పెద్ద సైన్సు సభలో పెట్టారు. ల్యాబ్ గడప తొక్కని మీ అల్లుడి పేరు మీద.”

“తొక్కాడోయ్. పెళ్ళయిన కొత్తలో నేనే తిప్పి చూపించాను.”

“జోకా సార్? నవ్వమంటారా?”

“నవ్వు, నవ్వు. రేపు నవ్వేది నేనే కదా. కమిటీ పెద్ద ఎవరు? రోజూ సాయంత్రం స్టాఫ్ క్లబ్బులో నాతో చదరంగం ఆడేవాడు. నీ మాట నమ్ముతాడా, నా మాట నమ్ముతాడా?”

“మీ మాటే నమ్ముతాడు. అందుకే ఆ మాట మీరే చెప్పాలి. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి, పని మా అల్లుడిది కాదు, నా శిష్యుడిది అనండి. అంతే. ఇంకేం వద్దు.”

“గెలిస్తే చేస్తా.”

“ఏంటి సార్?”

“ఈ గేమ్ గెలువు. ఆ బెంచీ మీద కూర్చుని, నీ ఎదురుగానే ఫోన్ చేస్తా. ఓడిపోయావా, రేపు కమిటీకి రావు. పొర సంగతి మళ్ళీ ఎత్తవు.”

“ఆడుకునే ఆట మీద నా నాలుగేళ్ళు పెట్టమంటారా?”

“నీకు వేరే దారుంటే అందులో వెళ్ళు.”

“మాట మీద నిలబడతారా?”

“దొంగ గెలుపులన్నావుగా. నాకూ ఒక్కటైనా నిజంది కావాలి.”

“సరే సార్. కానీ... మీరు ఆడొచ్చా?”

“ఏం? ఎందుకాడకూడదు?”

“మొన్న మీరే చెప్పారు కదా. టోర్నమెంటుకి ముందు క్లబ్బులో అందరికీ గుండె పరీక్ష చేయించారు. డాక్టర్ మీకు ఫోన్ చేసి, గుండె కండరం మందమైపోయింది, పరుగు పెడితే ప్రాణం మీదకొస్తుంది అన్నాడని. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు కూడా.”

“ఎవరితోనూ అనలేదు కదా?”

“లేదు సార్. మేడమ్‌గారితో కూడా.”

“నీ పరీక్షేమైంది మరి?”

“నాకేం కబురు రాలేదు. రాలేదంటే బాగున్నట్టేగా?”

“బాగున్నట్టే. కుర్రాడివి, నీకేం! ఇదిగో సర్వీస్, కాచుకో.”

“వేశారా? ఇదిగో, ముందుకి రండి!”

“అబ్బో!”

“ఇప్పుడు వెనక్కి!”

“ఒరేయ్...”

“మళ్ళీ ముందుకి! పరుగెత్తండి సార్, పరుగెత్తండి!”

“ఆగు. ఒక్క నిమిషం... ఊపిరాడట్లేదు.”

“ఆగితే పాయింట్ నాది.”

“తీసుకో. నా బ్యాగులో మాత్రల డబ్బా ఉంది, కాస్త ఇలా పడెయ్.”

“బ్యాగులో లేదు సార్.”

“లేకపోవడమేంటి? నేనే పెట్టాను.”

“నా జేబులో ఉంది.”

“నీ జేబులోకెందుకెళ్ళింది?”

“ఫోన్ చేశాక ఇస్తాను.”

“మనిషివేనా నువ్వు? కన్నకొడుకులా చూశానురా నిన్ను!”

“చూశారు. కొడుకు చేత చాకిరీ చేయించి, ఫలం అల్లుడి చేతిలో పెట్టారు.”

“నేనిక్కడే పోతే?”

“ఆడుతూ ఆడుతూ పోయాడు, అదృష్టవంతుడు అంటారు. ఈ హాలుకి మీ పేరు పెడతారు. సంతాపసభలో నేనే మాట్లాడతాను సార్. మీ పాత జోకులు రెండు చెప్పి, ఆలస్యం చెయ్యకుండా నవ్వుతాను.”

“ఇంత ఆలోచించుకుని వచ్చావన్నమాట!”

“మొన్నట్నుంచీ ఇదే ఆలోచన. కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. కాక్‌ని నాలుగు మూలలకీ వేస్తే చాలు. లేదా మీరిప్పుడే ఫోన్ చేసెయ్యండి. మాత్ర వేసుకుని ఇంటికెళ్ళి పడుకోండి.”

“చెయ్యను.”

“ప్రాణం కంటే అల్లుడెక్కువా?”

“పరువెక్కువ. వెయ్యవోయ్ సర్వీస్.”

“మీ ఇష్టం. ఇదిగో. మూలకి! ఇటు మూలకి! అటు! ...ఏంటి సార్, చచ్చిపోతున్నానంటూనే అన్నీ ఎత్తేస్తున్నారు? ఈ పాయింట్ అవ్వదేంటి?”

“నీ పొర నీకు కావాలా వద్దా?”

“కావాలి!”

“అయితే పరుగెత్తు!”

“నాది! పడింది! లైను లోపలే పడింది! ...హమ్మ.”

“ఏమైంది?”

“ఏం లేదు. ఉక్కగా ఉంది.”

“కిటికీలన్నీ తీసే ఉన్నాయే.”

“స్కోరు చెప్పండి సార్.”

“నీకు పద్దెనిమిది, నాకు పదిహేను. నీళ్ళు తాగుతావా?”

“తాగను. మీకు ఊపిరి తీసుకునే టైమివ్వను.”

“మంచిది. మూడంటే మూడు పాయింట్లు. మా అల్లుడి పేరు పోయి నీ పేరొస్తుంది. మీ అమ్మకి చెప్పుకోవచ్చు.”

“అమ్మ లేదు సార్. తెలుసుగా మీకు.”

“అయ్యో, మర్చిపోయా. సెలవుల్లో అందరూ ఇళ్ళకెళ్తే నువ్వొక్కడివే ల్యాబ్‌లో ఉండేవాడివి కదూ. మా ఇంటి కరెంటు బిల్లు కూడా నువ్వే కట్టొచ్చేవాడివి.”

“గెలికి కోపం తెప్పిద్దామనా?”

“తెప్పించక్కర్లేదు, ఉన్నట్టే ఉంది. కోపంగా కొట్టు.”

“ఇదిగో!”

“బాగుంది! ఇప్పుడు నువ్వు ముందుకి రా. వచ్చావా? వెనక్కి చూసుకో! అబ్బ, అందుకున్నాడే! ఇదిగో, మళ్ళీ ముందుకి!”

“మీరు... నన్ను...”

“నాలుగు మూలలకీ వెయ్యమన్నది నువ్వేగా.”

“మీకు ఆయాసం...”

“తగ్గింది.”

“ఎలా తగ్గింది? ఎప్పుడు...”

“కబుర్లెందుకు, కాక్ చూడు! పోయింది. పాయింట్ నాది. పద్దెనిమిది, పదహారు. ఏంటలా నెట్ పట్టుకుని నిలబడ్డావ్?”

“ఎడమ చెయ్యి లాగుతోంది.”

“రాకెట్ కుడిచేతిలో కదోయ్ ఉంది?”

“సార్, లైట్లు ఆర్పేశారా?”

“లేదే. వెలుగుతున్నాయి.”

“కూర్చుంటాను. ఒక్క నిమిషం.”

“ఆగితే పాయింట్ పోతుంది. నువ్వు పెట్టిన రూలే.”

“గుండెల మీద... ఏదో బరువు పెట్టినట్టు... సార్, మీ మాత్ర ఒకటి వేసుకోనా?”

“నీ జేబులోనే ఉన్నాయి కదా, వేసుకో. విటమిన్లు. ఒంటికి మంచివి.”

“విట...”

“మా ఆవిడ కొంటుంది. నిగారింపొస్తుందట.”

“ఫోన్ చెయ్యండి సార్. అంబులెన్సుకి... ఫోన్...”

“గెలిస్తే చేస్తానన్నాను.”

“చచ్చిపోతాను సార్!”

“అరవకు, ఊపిరి అయిపోతుంది. ఇలా నేల మీద వాలు. చల్లగా ఉంటుంది. ఆ, అలా. ఒక మాట చెప్పనా? నీ పొర అద్భుతంరా. నీతో ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అలాంటి పని ఒక్కటి కూడా నా చేతుల్లోంచి రాలేదు. అందుకే తీసుకున్నాను.”

“మీకు కదా జబ్బు... డాక్టర్... మీకు కదా ఫోన్ చేసింది...”

“నాకే చేశాడు. పరీక్షకెళ్ళినప్పుడు, నీ ఫోన్ రిపేరులో ఉందని, ఏదైనా ఉంటే చెప్పమని ఎవరి నంబరిచ్చొచ్చావ్?”

“మీదే... సార్. నాకింకెవరు...”

“అదే మరి. ‘మీ కుర్రాణ్ణి వెంటనే ఆట మాన్పించండి సార్, పరుగెత్తనివ్వకండి’ అన్నాడు.”