నాగేందర్ తుడిచిన ఎర్రమరక

చేవెళ్ల బస్టాండు ముందర సత్తయ్య చాయ్ హోటల్లో ఆగకుండా పనిచేసేవి రెండే. ఒకటి పొయ్యి, రెండోది నాగేందర్ నోరు. పొయ్యికైతే అప్పుడప్పుడు గ్యాసు అయిపోతుంది.

వసంత బెంచీ చివరన కూర్చున్నది. చాయ్ వద్దన్నది. పక్కనే ఉన్న వీడియో స్టూడియో నాగేందర్‌ది. ఆమె బిడ్డ పూజ పెండ్లి తీసింది అతనే. ఎండలు పోయి వానలు పడ్డా వీడియో మాత్రం చేతికి రాలేదు. ఎప్పుడడిగినా "మిక్సింగ్‌ల ఉన్నది అక్క" అంటాడు.

ఊరికే చూసుకోవడానికైతే ఆమె ఇన్నిసార్లు వచ్చేది కాదు. పెండ్లికొడుకు మేనమామ రామేశ్వర్, మొయినాబాద్‌లో హార్డ్‌వేర్ షాపాయన, అలిగి కూర్చున్నాడు. పెండ్లిలో అందరికీ బట్టలు పెట్టి తనను దాటేశారట. వసంత మొగుడు, పూజ వాళ్ల బాపు, మాత్రం 'నా చేతులతోని బొట్టు పెట్టి ఇచ్చిన' అని ఒట్టు వేస్తాడు. వియ్యపురాలు తమ్ముని మాటే పట్టుకున్నది. అతని మర్యాద సంగతి తేలేదాకా కోడలిని పుట్టింటికి ఒడిబియ్యానికి పంపదట. ఒడిబియ్యం గురువారం. పొద్దున పూజ ఫోన్లో ఏడ్చింది. ఫోను పెట్టేసి వసంత నేరుగా ఇక్కడికే వచ్చింది.

నాగేందర్ వచ్చాడు. కొత్త షర్టు, నెమలికంఠం రంగు మీద సన్న తెల్లగీతలు. ఎక్కడో చూసిన గుడ్డ అనిపించింది ఆమెకు. పెండ్లికి కొన్న గుడ్డలు అన్నీ ఇన్నీ కావు, ఇప్పుడు ఏ షర్టు చూసినా అట్లనే అనిపిస్తున్నది.

"వీడియో ఏమాయె తమ్మీ?"

"గా ముచ్చట చెప్పనీకే వస్తున్న అక్క. జర కూసో. సత్తయ్యన్న, ఒక చాయ్." అతను బెంచీ మీద కాలు మడిచి కూర్చున్నాడు. ఆటో బాల్‌రాజ్ గ్లాసు పట్టుకొని దగ్గరికి జరిగాడు. నాగేందర్ కోతలు కోసేటప్పుడు దూరంగా ఉంటే గాలికి కొన్ని పోతాయని అతని భయం.

"ఒక పెండ్లిల, ఎవలదని అడగొద్దు, సీను మంచిగ నడుస్తున్నది. ఒక మనిషి దగ్గరికొస్తడు, చెయ్యి లేస్తది, ఠక్కున తెరనిండ ఎర్రమరక. ఇంకోడైతే అక్కడ కట్ చేసి, పాట పెట్టి, మీదికెల్లి పూలు రాలిపిచ్చి చేతులు దులుపుకుంటుండె. నేను గట్ల చెయ్యలే. పొద్దంత కంప్యూటరు ముందట కూసొని నెట్‌ల దేవులాడిన. వీడియోల మరకలు తుడిచే సాఫ్ట్‌వేర్ దొరికింది. ఫ్రీ. ఓపెన్ సోర్స్ అంటరు."

"ఫ్రీ అంటే, మొదటి నెల ఫ్రీ ఇచ్చి తర్వాత గుంజుతరా?" అన్నాడు బాల్‌రాజ్.

"కాదురా. తాళం లేని వంటిల్లు అనుకో. ఎవలన్న లోపలికి పోవచ్చు, పప్పు వండుకోవచ్చు, ఉప్పు తక్కువుంటే వేసి రావచ్చు. నీ తర్వాత వచ్చినోడు తిని నీకు దండం పెడతడు."

"మరి గిన్నెలు ఎవలు తోముతరు?" అన్నాడు సత్తయ్య.

"అగో, గక్కడికే వస్తున్న. నేను తోమిన. లోపలికి పోయి కోడ్ చూస్తే చిక్కుపడ్డ దారపుండ లెక్క ఉన్నది. మధ్యల ఒక్క చుక్క తప్పు. తీసి అవతల పడేసిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? జర్మనీ నుంచి మెయిల్. 'నాగేందర్ గారూ, ఆ చుక్క కోసం మేము పెండ్లిళ్లు గూడ చేసుకోకుంట దేవులాడుతున్నం, మీరు ఎక్కడి దేవుడండీ' అని."

"జర్మనోళ్లు తెలుగుల రాసిండ్రా?"

"నా మీది మర్యాదకు నేర్చుకున్నరు. మధ్యల అడ్డం రాకు. ఇగ ఎరుపు తీసే బటన్ నొక్కిన. మరక పోయింది. పోయినంక ఆగాలె గదా, ఆగలే. పెండ్లిపిల్ల చీరె తెల్లగైంది, పందిట్ల గులాబీలు తెల్లగైనయి. నెట్ వైరు పీకుడు మర్చిపోయిన గదా, అది వైరు పట్టుకొని బయటికి పాకింది. చేవెళ్ల మార్కెట్ల టమాటలు తెల్లగైనయి, రైతులు డబ్బాలు తెరిచి ఇవి కోడిగుడ్లా ఏందని ఒకని మొఖం ఒకడు చూసుకున్నరు. సిగ్నళ్లల్ల ఎర్రలైటు మాయం. బీజాపూర్ రోడ్డు మీద బస్సులకు ఆగుడే తెల్వక పరిగి దాంక పోయినయి."

"నేను గా రోడ్డు మీదనే ఆటో నడుపుత. నాకు కనవడలేదేందే."

"నువ్వు ఎన్నడన్న సిగ్నల్ దిక్కు చూసినవా?"

సత్తయ్య నవ్వి పాలల్లో గరిటె తిప్పాడు. వసంత నవ్వలేదు. ఆమె చూపు ఆ షర్టు గీతల మీదే ఉన్నది.

"ఇంతల చందనవెల్లి డాటా సెంటరు నుంచి పెద్దసారు కారేసుకొని ఉరుకొచ్చిండు. నా వీడియో బరువంత వాళ్ల మిషన్ల మీద పడ్డదంట. 'అన్నా, నీకు దండం పెడత, జర చిన్నగ చెయ్యి, మా బిల్డింగు షాబాద్ దిక్కు ఒరుగుతున్నది' అన్నడు. చేస్త గని, నా కంప్యూటరు కాగుతున్నది, ముందుగాల గండిపేట నీళ్లు తెప్పియ్యి అన్న. పైపు వేసిండ్రు. గండిపేట చెరువు ఒక మెట్టు కిందికి దిగింది. మీరేమో ఎండలకు దిగింది అనుకున్నరు."

"మేము గట్లనే అనుకున్నం," అన్నాడు సత్తయ్య బుద్ధిగా.

"ఇగ వీడియో చిన్నగ చేసుడు మొదలువెట్టిన. పట్టుచీరె మడత పెట్టినట్టే, మడత మీద మడత. చిన్నగ చేసిన, చిన్నగ చేసిన, పెండ్లంత కలిసి ఆవగింజంత అయ్యింది. అరచేతుల పెట్టుకొని చెవు దగ్గర పెడితే బ్యాండు సప్పుడు సన్నగ వినవడుతున్నది. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మన బాలనర్సమ్మ కోడి వచ్చి ఆ గింజను బుక్కింది."

"అయ్యో," అన్నాడు బాల్‌రాజ్, నిజంగానే.

"అయ్యో గాదు. ఆ కోడి నడిబజార్ల బరాత్ తీసింది. ఒక కన్నుల పెండ్లికొడుకు, ఇంకో కన్నుల పెండ్లిపిల్ల. తెల్లారి గుడ్డు పెట్టింది. కొట్టి చూస్తే లోపట పెండ్లి వీడియో, ఫుల్ క్లారిటీ. రోజుకో గుడ్డు, గుడ్డుకో కాపీ. ఎవలన్న తీస్కపో, పొదిగెయ్యి, పిల్లలను ఊరంత పంచు, అడిగేటోడు లేడు. ఓపెన్ సోర్స్ అంటే గిది."

అతను చాయ్ కోసం చెయ్యి చాపాడు. వసంత అప్పుడు నోరు తెరిచింది.

"తమ్మీ, ఆ లేచిన చెయ్యికి రాగికడెం ఉన్నదా?"

"ఉన్నది అక్క. రాగికడెం, దాని పక్కన ఎర్రదారం..." అని ఆ ఊపులోనే చెప్పి ఆగిపోయాడు.

పూజ వాళ్ల బాపు ఆ కడెం స్నానానికి కూడా తీయడు. కోడి సంగతి వసంత వినలేదు. 'చెయ్యి లేస్తది' అన్న దగ్గరే ఉండిపోయింది. పెండ్లిలో నాగేందర్ కెమెరా కంటికి పెట్టుకొని వెనక్కి వెనక్కి నడుస్తుంటే దాని మీది లైటు కండ్లలో సూదుల్లా గుచ్చింది. ఆ లైటుకు ఎదురుపడిన ఎవ్వరికీ అవతల ఉన్నది మనిషో గోడో తెలియలేదు.

"అది కుంకుమ మరక," అన్నది.

పాలు పొంగుతున్నాయి. సత్తయ్య చూసుకోలేదు.

"రామేశ్వరన్న అనుకొని, మాయన నీ కెమెరా అద్దానికి బొట్టు పెట్టిండు."

"పెట్టిండు అక్క," అన్నాడు నాగేందర్. అంతలోనే తేరుకున్నాడు. "దేశం మొత్తంల కెమెరాకు బొట్టు పెట్టిచ్చుకున్నది నేనొక్కణ్నే కావచ్చు."

"బొట్టు పెట్టి ఏమిచ్చిండు?"

నాగేందర్ కాలర్ సర్దుకున్నాడు. బాల్‌రాజ్ వంగి అతని కాలర్ రెండు వేళ్లతో నలిపి చూశాడు. "గుడ్డ మస్తుగున్నదన్నా. ఎక్కడ కుట్టిచ్చినవ్?"

"కెమెరా పట్టినోనికి గూడ బట్టలు పెడుతున్నరు, పెద్దమనసోళ్లు అనుకున్నరా," అన్నాడు నాగేందర్ నేల చూస్తూ.

"సాఫ్ట్‌వేర్ దొరికిందంటివి. మరి మరక పోయిందా?" వసంత అడిగింది.

"ఇంక డౌన్‌లోడ్ అయితున్నది అక్క. సగం అయినంక కరెంటు పోయి మల్ల మొదటికొచ్చింది."

"జర్మనోళ్లు గూడ కరెంటు కోసమే ఎదురుచూస్తున్నరేమో," అన్నాడు సత్తయ్య.

"ఆ ముక్క నీ ఫోన్ల ఉన్నదా? పెట్టు," అన్నది వసంత.

అతను తీసి పెట్టాడు. నలుగురూ వంగి చూశారు. పూజ వాళ్ల బాపు చేతిలో బట్టలతో, కండ్లు చిట్లించుకొని వస్తున్నాడు. కడెం చెయ్యి లేచింది. తెర ఎర్రగైపోయింది. ఆ ఎరుపులోంచి గొంతు మాత్రం గంటలా వచ్చింది. "రామేశ్వరన్నా, ఏమనుకోకుండ్రి, మా తాహతుకు తగ్గ మర్యాద. అందుకోండ్రి."

వెంటనే ఇంకో గొంతు, కెమెరాకు బాగా దగ్గరగా: "అయ్యో, నాకెందుకే అన్నా." కొంచెం ఆగి, "సరే తియ్యి. మీరు గింతగనం అడుగుతుంటే."

బాల్‌రాజ్ బెంచీ మీద పడి నవ్వాడు. సత్తయ్య పొంగిన పాలను చూసి కూడా నవ్వాడు. పొద్దటి నుంచి ఏడుపు ఆపుకున్న వసంతకు నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"రెండు రోజులు టైమియ్యి అక్క, మరక తుడిచి మంచిగ..."

"తుడవకు. గట్లనే ఇయ్యి." ఆమె లేచింది. "బాల్‌రాజ్, ఆటో తియ్యి. మొయినాబాద్ పోవాలె."

"జర ఆగు అక్క, షర్టు మార్చుకొనొస్త."

"వద్దు. షర్టుతోనే రా."

నాగేందర్ ఆటో వెనక సీట్లో, ఫోను ఒళ్లో పెట్టుకొని, అప్పుడే రామేశ్వర్ ముందు నిలబడ్డట్టు ఒదిగి కూర్చున్నాడు. సత్తయ్య జాలిపడి అతని చాయ్ అక్కడికే తెచ్చాడు. నాగేందర్ చెయ్యి చాపేలోపు వసంత ఆ గ్లాసు అందుకున్నది.

"షర్టు మీద పోసుకుంటవ్ తమ్మీ. అది రామేశ్వరన్నది."

ఆ చాయ్ ఆమే తాగింది.