ఆపమన్న మాట అయిదో వరుసలో

అధ్యక్షులు మేనేజరు గారికి, నాకంటే ముందే రిటైరై సుఖపడుతున్న పెద్దలకు, టీ ఎప్పుడిస్తారా అని తలుపు వైపు చూస్తున్న మిత్రులకు నమస్కారం. నిజానికి ఈ కాగితం రాయకూడదనే అనుకున్నాను. మీరిచ్చే కలం పుచ్చుకుని, ఓ దణ్ణం పెట్టి జారుకుందామనుకుంటే, వారం రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నానని మా ఆవిడే విసుక్కుని కాగితం చేతికిచ్చింది.

ఇందాక అందరూ నా ఇంగ్లీషును పొగిడారు. నేను బడిలో నేర్చినవాణ్ని కాదు. పాత సామాన్ల కొట్టులో కొన్న డిక్షనరీకి వెనక సగం లేదు. అందుకే ముందు సగం మాటలతోనే ఇంతకాలం నెట్టుకొచ్చాను. (నవ్వులు) చిన్నమాట రాస్తే చదువురానివాడంటారని భయం, అందుకని పెద్దమాట. చొక్కా లేనివాడు కోటు తొడుక్కున్నట్టు.

మన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో నాలుగు భాషల వాళ్లున్నారని, కోత మిషను మీద బోర్డు ఇంగ్లీషులో రాయమన్నారు. రాశాను, ఆరు వరుసలు. మొదటి నాలుగూ మర్యాదలే, 'సగౌరవంగా తెలియజేయడమేమనగా' అన్న ధోరణిలో. ఇరుక్కున్న అట్ట తీసే ముందు మిషను ఆపమన్న మాట అయిదో వరుసలో ఉంది. అదుగో, మూడో బెంచీలో మా కోత మేస్త్రీ, నాకు వరసకి బావ, నాలుగో వరుస దాకా ఓపిగ్గా చదివి, ఇందులో పనికొచ్చేదేం లేదనుకుని చెయ్యి పెట్టాడు. రెండు వేళ్లు పోయాయి.

("చాల్లే బావా! వేళ్లు నావి, ఏడుపు నీదా?" అని మేస్త్రీ. నవ్వులు)

ఉండు బావా, అసలుది ఇంకా చెప్పలేదు. విచారణ రిపోర్టు రాసిందీ నేనే. తప్పు జరిగిందంటూనే ఎవరిదో చెప్పకుండా తప్పించుకోవడానికి ఇంగ్లీషు మహా వీలైన భాష. ఆ రోజు మాత్రం ఆ వీలు వాడుకోలేదు. 'మేస్త్రీ బోర్డు చదవలేదు' అని రాసిపారేశాను. నా సర్వీసు మొత్తంలో నేను రాసిన తేట వాక్యం అదొక్కటే. అదేమో అబద్ధం. బావ ఫైల్లో 'నిర్లక్ష్యం' అని పడింది, తొమ్మిదేళ్లుగా ప్రమోషను లేదు. నాకు మాత్రం, రిపోర్టు భలే రాశావని మెచ్చుకోలు.



మేనేజరు గారూ, మీ ముందు నేను పెట్టిన కాగితంలో రెండే ముక్కలు. మేస్త్రీ చదివాడు. రాయడం రానిది నాకు. ఇంగ్లీషులోనే రాశాను, డిక్షనరీ తెరవలేదు. అది అతని ఫైల్లో చేరేదాకా నా కాళ్లు ఈ గడప దాటేలా లేవు. కొత్త బోర్డు కూడా తెచ్చాను: 'ముందు మిషను ఆపు.' అంతే.

ఇన్నేళ్లు నన్నూ నా వాక్యాలనూ మోసినందుకు కృతజ్ఞతలు. సెలవు.

(మేనేజరు గారు కాగితం రెండుసార్లు చదివి, కలం అడిగారు. మేస్త్రీ లేచి వెళ్లి, సన్మానంలో ఇచ్చిన కలం మూత తీసి అందించాడు.)