వెయ్యి వాట్ల పెట్టె తరఫున

ప్లేనోలో, రాఘవులు అంకుల్ గారి భోజనాల బల్ల ముందు, బుధవారం సాయంత్రం రాసి ఇచ్చినది.

ముందుగా క్షమాపణ. ఈ కాగితం చదవబోయే పెద్దలకు, టెక్సాస్ రాష్ట్ర విద్యుత్ వ్యవస్థకు, నాకు చదువు చెప్పి నేటికీ పశ్చాత్తాపపడుతున్న గురువులకు శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఎందుకు చెప్పుకుంటున్నానో మాత్రం నాకు తెలియదు. క్షమాపణ దోషి చెప్పుకోవలసింది, నేను దోషిని కాను. కనుక దీన్ని భద్రంగా దాచి, అసలు దోషి దొరికిన రోజున వాడి చేత ఇప్పించవలసిందిగా కోర్టువారికి మనవి.

నా పేరు తేజేశ్వర్. వయసు ఇరవై ఏడు. ఉండేది ఇర్వింగ్‌లో. వృత్తి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, అంటే ఇతరుల తప్పులు పట్టుకోవడం.

కోర్టువారు అనగా రాఘవులు అంకుల్. నలభై ఏళ్లు కరెంటు కంపెనీలో సబ్‌స్టేషన్లు చూసి రిటైరయ్యారు. ఈ చుట్టుపక్కల మనవాళ్లెవరూ ఆయన్ని అడక్కుండా గోడకి ప్లగ్గు పెట్టరు. "నోటితో చెప్పమంటే వీడు వెటకారమాడతాడండీ, రాసివ్వమనండి" అన్నది ఆయన భార్య ఛాయాదేవి ఆంటీ. ఆ సలహా ఎంత బాగా పనిచేస్తోందో చూస్తూనే ఉన్నారు.

ఇక కేసు. ఉజ్వల మా బాబాయి కూతురు. ఇద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. యానిమేషన్ చదివింది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ అనే ఊళ్లో ఒక చిన్న స్టూడియో ఆమెను చివరి రౌండ్ దాకా తెచ్చి, ఈ శుక్రవారంలోగా రెండు నిమిషాల సినిమా పంపమంది. ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో సమోసాలు ఎత్తుకుపోయే ఒక నల్ల పిట్ట కథ. మూడు వారాలు మా పాత కంప్యూటర్ రాత్రింబగళ్లు కుక్కర్‌లా కూస్తూ ఒక్కో ఫ్రేమూ తయారుచేసింది. చివర్లో పిట్ట తడిసి ఈకలు విదిలించే షాట్ దగ్గర చేతులెత్తేసింది. అందుకని ఉజ్వల పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నది. ఆ కార్డు ఒక్కటే ఆరొందల వాట్లు తాగుతుంది. కంప్యూటర్ మొత్తానికి కలిపి మా పాత పవర్ సప్లయి, అంటే లోపల అన్నింటికీ కరెంటు పంచే పెట్టె, ఇచ్చేది ఆరొందల యాభై. కొత్త పవర్ సప్లయి తప్పనిసరి అయింది.

శనివారం పొద్దున నలుగురం షాపుకి వెళ్లాం.

"మొత్తం లోడెంతమ్మా?" అన్నారు అంకుల్.

"ఎనిమిదొందల యాభై ఉంటది అంకుల్."

"అయితే పదహారొందలది తీసుకో. లోడుకి రెండింతలు. నా సర్వీసంతా అదే రూలు."

"మా గోడల లైన్ పద్నాలుగొందలకు మించి గుంజనియ్యదు కదా అంకుల్, అంత పెద్దది పెట్టి ఏం చేస్త?"

"పదహారొందలైతే కరెంటు బిల్లు పేలిపోదూ?" అన్నారు ఆంటీ.

పెద్ద గిన్నె కొన్నంత మాత్రాన రోజూ ఊరందరికీ వండం కదా అని నేను మనవి చేశాను. నువ్వు నోరు మూసుకో అన్నారు.

ఉజ్వల ఓపిగ్గా చెప్పింది. ఈ కార్డు మగపెళ్లివారి లాంటిదట. వందమందిమని చెప్పి, ఒక్క క్షణం రెండొందలమంది వచ్చి కూర్చుని, మళ్లీ వందమంది అయిపోతారు. ఆ ఒక్క క్షణంలో విస్తళ్లకు తడుముకోని పవర్ సప్లయి కావాలి. తను టెస్టు రిపోర్టులన్నీ చదివింది. ఆ కుదుపు తట్టుకునేది, మధ్యలో అతుకుల్లేకుండా కార్డుకి నేరుగా వెళ్లే కొత్తరకం కేబుల్ ఉన్నది, వెయ్యి వాట్లది ఒకటి ఎంచింది. అంకుల్ ఆ పెట్టెను తీసుకుని, కొబ్బరికాయ కొన్నట్టు, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు.

"తేలిగ్గా ఉంది. నా మాట వినమ్మా."

"రిస్క్ నాది అంకుల్" అంది ఉజ్వల. ఆ మాట నేను విన్నాను. అందరం విన్నాం.

మధ్యాహ్నం మా ఇంట్లో బిగించాం. కార్డును ఉజ్వల తన చేతులతో, చంటిపిల్లకి చొక్కా తొడిగినట్టు, తానే పెట్టింది. పాత పవర్ సప్లయి తీసి కొత్తది కూర్చోబెట్టడం, కేబుళ్లు బిగించడం నా వంతు. బిగించాను. కేబుళ్ల గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. ఆంటీ పెట్టెకు కుంకుమబొట్టు పెట్టారు. నాలుగు గంటలకు ఉజ్వల స్విచ్ నొక్కింది.

ఫ్యాన్లు ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయాయి. మాడిన పోపు వాసన వచ్చింది.

"స్టవ్ మీద ఏమైనా పెట్టారా?" అని అడిగారు ఆంటీ. స్టవ్ మీద ఏమీ లేదు.

వాసన హార్డ్ డిస్క్ నుంచి. మూడు వారాల ఫ్రేములూ ఉన్నది అందులోనే. దాన్ని విప్పి లాప్‌టాప్‌కి తగిలించి చూశాం. ఉలుకూ పలుకూ లేదు. బ్యాకప్ లేదా అని కోర్టువారు అడిగారు. పిట్ట, సమోసా, పార్కింగ్ లాట్, వాటి మూల ఫైళ్లన్నీ లాప్‌టాప్‌లో క్షేమంగా ఉన్నాయి. తయారైన ఫ్రేములు పోయాయి. కొత్త కార్డు గనక నడిస్తే అవన్నీ మళ్లీ ఒకటిన్నర రోజులో తయారవుతాయి. నడిపించే ధైర్యం ఎవరికీ లేదు. కార్డు బతికుందో లేదో కూడా ఎవరికీ తెలియదు.

బిల్లు వేయించింది రాహుకాలంలో అని ఆంటీ తీర్పు. పెట్టెదే తప్పని అంకుల్ తీర్పు.

"వోల్టేజీ తేడాగా పంపింది. మళ్లీ ఆన్ చేశారో, కార్డు కూడా పోతుంది. ముట్టుకోవద్దు."

"పెట్టె మంచిదే అంకుల్" అన్నాను.

"ఎలా చెప్తావయ్యా?"

"నమ్మకం అంకుల్."

"నమ్మకం మీటర్లో కనపడదు."

పెట్టె నిర్దోషి అని నేను శనివారం చెప్పాను, ఆదివారం చెప్పాను, నిన్న ఫోన్‌లో కూడా చెప్పాను. కేబుళ్ల గురించి ఎవరూ అడగలేదు. అంకుల్ పదహారొందల వాట్లది ఆర్డర్ పెట్టారు. అది వచ్చేది సోమవారం. సినిమా పంపాల్సింది శుక్రవారం.

ఇవాళ ఇదే బల్ల దగ్గర ఉజ్వల అంది, "తప్పు నాదే అంకుల్. మీరు చెప్తనే ఉన్నరు, నేనే వినలే. కార్డు రిటర్న్ ఇచ్చేస్త. స్టూడియోవాళ్లకు గూడ రాస్త, నాతోని అయితలేదని."

"అయ్యో, అంత మాటెందుకమ్మా" అన్నారు ఆంటీ.

ఉజ్వల కంచంలో పెరుగన్నం కలుపుతూనే ఉంది. తినడం లేదు, కలుపుతూనే ఉంది.

పైన రాసినదంతా ఎవరి బలవంతమూ లేకుండా, రెండు గారెలు తిన్న తర్వాత, పూర్తి స్పృహతో రాశాను. ప్రతి మాటా నిజం.

ఇక్కడ సంతకం పెట్టబోతే పెన్ను ఆగిపోయింది. ఉజ్వల తన పెన్ను మూత తీసి నాకిచ్చింది. "మంచిగ రాసినవా అన్నా? నన్ను మరీ ఎక్కువ తిట్టకు" అంది. కిందిది ఆ పెన్నుతో రాసినది.

ప్రతి మాటా నిజమే. రాయని మాట ఒకటుంది.

హార్డ్ డిస్క్‌కి కరెంటిచ్చే కేబుల్ నేను మార్చలేదు. పాత పవర్ సప్లయిదే ఉంచేశాను. వెనకాల ప్లాస్టిక్ పట్టీలు వేసి నీటుగా కట్టి ఉంది, విప్పడానికి బద్ధకమేసింది. దాని కొస కొత్త పెట్టెలో దూర్చి చూశాను. దూరింది. దూరింది కదా, సరైనదే అనుకున్నాను. ఆకారం ఒకటే అయినా ఒక్కో కంపెనీ లోపలి వైర్ల వరస ఒక్కోలా పెడుతుందని, ఒకరి కేబుల్ ఇంకొకరి పెట్టెకు తగిలించకూడదని, ఆ సాయంత్రమే బాత్రూమ్‌లో కూర్చుని ఫోన్‌లో చదివాను. వచ్చి ఆ పాత కేబుల్ పీకేసి నా ఆఫీసు బ్యాగులో దాచాను. కొత్తది ఇంకా సీలు విప్పని కవరులో, మా ఇంట్లో బియ్యం మూట వెనక ఉంది.

డిస్క్‌ను కాల్చింది ఆ కేబుల్. మిగతా అన్నింటికీ, కార్డుకి కూడా, పెట్టినవి కొత్తవే. తేడా తగలగానే ఆ పెట్టె తనంతట తాను ఆగిపోయింది. అందుకే కార్డుకేమీ అయి ఉండదని నేననుకుంటున్నాను. ఉజ్వల ఎంచింది సరైనది.

అంకుల్, మీ మీటరు తీసుకుని మాతో ఇర్వింగ్ రండి. మీరు కొలిచి సరే అంటే ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు. శుక్రవారానికి అందుతుంది.

మొదట్లో దాచమన్న క్షమాపణ ఉజ్వలకి ఇవ్వండి. ఈసారి ఎందుకో నాకు తెలుసు.

(సంతకం)
తేజేశ్వర్