మరియమ్మ గూడు సుట్టూ తిరిగిన వైరు

నవ్వుతావేటయ్యా? ఇక్కడ నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతంటే, ఫొటోలో కూకుని అలా నవ్వుతావేటి? బతికున్నప్పుడూ ఇంతే!

పెరట్లో ఆ బుర్రుమనే సౌండు విన్నావా? మన అల్లుడు కెన్నీ. డ్రిల్లు మిషను బిగించుకుంటన్నాడు. నీ జ్ఞాపకార్థ ప్రార్థనకి ఫాదర్ గారొచ్చేలోపు నీ పటం హాల్లో గోడకి ఉండాలట.

ఆ గోడకే!

సెప్పేను బాబూ, అందులో వైరుందని. ఏటన్నాడో తెలుసా? "అత్తయ్యా, గోడలో వైరు స్విచ్చుబోర్డు నుంచి నిట్టనిలువుగా పైకెళ్తది, లేదంటే అడ్డంగా. ఆ రెండు దారులూ ఒదిలేస్తే ఎక్కడైనా కన్నం పెట్టొచ్చు." తప్పు మాటా? కాదు. జ్ఞానాపురంలో ఏ ఇంట్లోనైనా సెల్లే మాటే. మనింట్లో తప్ప.

ఎందుకంటావేటి? నువ్వు వైరింగు సేసినప్పుడు ఆ గోడకి మరియమ్మ తల్లి గూడుండేది కాదూ! తిన్నగా గాడి కొడితే తల్లి పాదాలకే తగులుద్దని సుత్తి కింద పడేసి, సిలువ గుర్తేసుకున్నావు. వైరుని గూడు సుట్టూ ఏటవాలుగా తిప్పేవు. గొట్టం కూడా నేదు, ఉత్త వైరు మీదే సిమెంటు! తరవాత తల్లిని కొత్త పీఠం మీదకి మార్చి గూడు పూడ్చేసేవు. ఇప్పుడా గోడ నున్నగా, ఏటీ ఎరగనట్టు నిలబడింది. వానలకి సెమ్మెక్కి నల్లబడింది కూడా.

ఎడమేపు తిప్పేవా? కుడేపా? సెప్పవేటయ్యా! కెన్నీ పెన్సిలు గుర్తు ఎడమేపుంది.

గ్రేసీకి సెప్పేను. "నాన్న పోయినకాడ్నించి నీకన్నీ బయ్యాలే అమ్మా" అంది. కూతురు! నీ పోలికే!

మెయిన్ ఆపేత్తే మిషను ఆగుద్దనుకున్నాను. బ్యాటరీదట! పైగా ఫాదర్ గారికి ఉక్కపోత్తాదని గ్రేసీ మళ్లీ మెయిన్ ఏసేసింది. అదిగో, ఫ్యాను తిరుగుతంది.

వత్తన్నాడు. సెప్పుల సౌండు.

సర్లే. ఆ గుర్తు మీద వీపు ఆనించి నిలబడతాను. ముందు నన్ను తొయ్యమను, సూద్దాం. ఎర్రిదన్నా పరవానేదు, నువ్వెలాగూ నన్నొదిలేసి పోయేవు, నా కూతురు నాలా మిగలకూడదు.

తల్లీ, ఆరోగ్యమాతా...

అమ్మో! కరెంటు పాకినట్టు వీపు సిమసిమలాడతందయ్యా.

ఎడమేపే తిప్పేవన్నమాట.