బాకా కాస్సేపు ఆపమని

“ఆపమని అడగడానికి నోరెలా వచ్చిందే దియెమూ నీకు?”

సైగాన్‌లో ఓ ఇరుకు సందు, మిట్ట మధ్యాహ్నం. థోవా వాళ్ళమ్మ పోయి రెండో రోజు. సందుకడ్డంగా పందిరి, పందిట్లో శవపేటిక, బాకాలు, డప్పులు. పక్కింటి దియెమ్ పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. లోపలికి రాదు, ఇంటికి పోదు.

“పూర్తిగా ఆపమన్లేదు థోవక్కా. బాకా ఒక్కటీ కాస్సేపు. మా మేడ మీద అద్దె గదుల్లో విదేశీయులున్నారు కదా, పడుకోలేకపోతున్నారు.”

“అయ్యో పాపం! పెద్ద పెద్ద హోటళ్ళు ఒదులుకుని ఈ సందులోకెందుకొచ్చారో అడుగు. టూరిస్టులు తిరగని చోటు కావాలన్నారు. అసలైన సైగాన్ చూడాలన్నారు. నువ్వే కదే డబ్బా కొట్టి మరీ రప్పించావు! ఇదీ అసలైన సైగానే. ఇక్కడ మనుషులు చస్తారు. చస్తే బాకా మోగుతుంది.”

“అరవకక్కా, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ. వాళ్ళ కోసం మూడంతస్తులు లేపి మా అమ్మ వంటింటికి వెలుతురు లేకుండా చేశావు. అప్పుడరవలేదు. పట్టపగలు లైటేసుకుని కూర తరుక్కుంది ముసల్ది. అప్పుడూ అరవలేదు. ఇప్పుడరుస్తా.”

“నాతో మాటలు మానేసింది ఆవిడే. నేను కాదు.”

“మానెయ్యదూ? మీ అమ్మ బజార్లో చేపలమ్ముకుంటుంటే నిన్ను చంకనేసుకుని పెంచింది. నా వంతు గంజి కూడా నీకే పోసింది! సందు చివర లాటరీ టిక్కెట్లాయన సైతం వచ్చి అగరొత్తి వెలిగించి పోయాడు. నువ్వు? ఈ గుంజ దాటి ఓ అడుగు లోపలికేశావా?”

“ఎలా వెయ్యను...”

“కాళ్ళతో!”

“అది కాదక్కా, బాకా...”

“మళ్ళీ బాకా! ఫో, నీ విదేశీయుల్ని వేరే హోటల్లో పడుకోబెట్టుకో, ఫో!”

“పంపించేశా.”

“ఏమిటీ?”

“నిన్న పొద్దున్నే. మీరు పందిరి వేస్తుండగానే. గదులన్నీ ఖాళీ.”

“మరి పడుకోలేనిదెవరే?”

“నేనే.”

“నీకేమొచ్చిందే?”

“అది మోగినప్పుడల్లా ఆవిడ లేదు, లేదు అంటున్నట్టుందక్కా. తట్టుకోలేకపోతున్నా. లోపలికొద్దామంటే మొహం చెల్లలేదు. ఎవర్నని రావాలి? పక్కింటిదాన్ననా?”

“ఏడిస్తే చంపుతా. తల ఇటు పెట్టు.”

“ఏమిటిది? ఇది... ఇది అమ్మ పోతే కూతుళ్ళు తలకి కట్టుకునే తెల్లగుడ్డ కదా?”

“కదలకు. మూడు కత్తిరించమని చెప్పి మరీ పోయింది అమ్మ. నాకూ చెల్లికీ రెండు చాలు కదా అంటే, ‘దియెమ్‌ని నేను పెంచలేదూ’ అని నన్నే తిట్టింది. ఆవిడ పోయినప్పట్నుంచీ నీది నడుముకి చుట్టుకు తిరుగుతున్నా. ఆవిణ్ణి తీసుకెళ్ళిపోయాక వస్తావేమోనని నాకెంత మండిపోతోందో తెలుసుటే నీకు!”