కిటికీ ముందు ఒక్క బెజ్జం

బస్సు బాడీలు కట్టే షెడ్డు. పనిముట్ల గది కిటికీకి లోపల, పనిముట్లు బాగుచేసే మరదలు. బయట, ముప్పై ఏళ్ళుగా రేకులకు బెజ్జాలు వేస్తున్న బావ, చేతిలో గాలి డ్రిల్లు. పొద్దున పదకొండు దాటింది. ఇద్దరికీ అప్పటికే ఒళ్ళు మండిపోతోంది.

"మళ్ళీ ఇదేనా? నిన్న సాయంత్రమేగా ఇచ్చాను బావా!"

"నిన్న ఇచ్చావు, ఇవాళ చచ్చింది. నన్నేం చెయ్యమంటావు?"

"చచ్చిందంటే? అసలు తిరగట్లేదా?"

"తిరుగుతుంది. తిరగదు. ట్రిగ్గర్ నొక్కితే ఒకసారి గయ్యిమంటుంది, ఇంకోసారి ఉలుకూ పలుకూ ఉండదు. నాలుగుసార్లు చెప్పాను నీకు."

"నాలుగుసార్లూ విప్పాను. కడిగాను, లోపలి రెక్కలు మార్చాను, ట్రిగ్గర్ కింద స్ప్రింగు కూడా కొత్తది వేశాను. నాలుగుసార్లూ బాగానే ఉంది."

"అంటే నేను అబద్ధాలాడుతున్నానా?"

"అలా అన్నానా?"

"అన్నట్టే ఉంది. చూడమ్మాయ్, పన్నెండింటికి పెద్దమేస్త్రి వస్తాడు. పక్కరేకు మీద నలభై బెజ్జాలు వంకరపోయాయి. డ్రిల్లుది తప్పని నువ్వు రాస్తే కొత్తది తెప్పిస్తాడు, నా బల్ల దగ్గర నేనుంటాను. డ్రిల్లు బాగుందని రాస్తే తప్పు నాది. రేపటి నుంచి గేటు దగ్గర కుర్చీ వేస్తానని మొహం మీదే చెప్పాడు. వచ్చే బళ్ళ నంబర్లు, పోయే బళ్ళ నంబర్లు రాసుకోవాలట. నేను! ఈ షెడ్డులో మొదటి బస్సుకి మొదటి బెజ్జం వేసినవాణ్ణి!"

"తెలుసు బావా. తెలుసు కాబట్టే ఏం రాయాలో తోచక చస్తున్నాను."

"తోచకపోవడానికేముంది? డ్రిల్లు పనికిరాదు. అంతే, రెండే మాటలు."

"ముందు దాన్ని నా మొహం వైపు నుంచి తిప్పు. గొట్టం ఇంకా తగిలించే ఉంది. ఊడదియ్యి."

"నాకు నేర్పుతున్నావా?"

"నువ్వు నేర్పిందే నీకు అప్పజెబుతున్నా. గాలి ఆపు, గొట్టం ఊడదియ్యి, ఆ తర్వాతే బిట్టు ముట్టుకో. ఈ గదిలో చేరిన రోజు నాతో పదిసార్లు చెప్పించావు. బడిలో ఎక్కాలు కూడా అంతలా చెప్పించలేదు నాచేత."

"సరే, సరే. ఊడదీశాను. పట్టుకో."

"దీంట్లో ఆయిలు వేశావా పొద్దున?"

"వేశాను."

"ఎన్ని చుక్కలు?"

"ఎన్నేంటి? ఎప్పుడూ వేసేన్నే. నాలుగో, ఐదో."

"గాలి దూరే చోట వేలు పెడితే పొడిపొడిగా ఉంది బావా. ఏదీ, నీ ఆయిలు సీసా ఏదీ? ఇలా ఇవ్వు. ఇదేంటి, సీలు కూడా తియ్యలేదు! నెల క్రితం ఇచ్చిన సీసా ఇది."

"మూత బిగుసుకుపోయింది."

"ఇది బిగుసుకుపోవడమా? ఇదిగో, తిప్పగానే వచ్చింది."

"నువ్వు తిప్పితే వస్తుంది. నీ దగ్గరికొచ్చేసరికి అన్నీ బుద్ధిమంతులే. ఆయిలు సంగతి నాకెందుకు, నీ సంగతి చెప్పు. కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు వదిలావా? ఆ నీళ్ళు గాలితో పాటు వచ్చి నా డ్రిల్లులో తుప్పు పట్టిస్తున్నాయి. అదీ అసలు జబ్బు."

"రోజూ షెడ్డు తలుపు తియ్యగానే ముందు చేసేది అదే. ట్యాంకు కింద కుళాయి తిప్పి, నీళ్ళన్నీ పోయి ఉత్త గాలి వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. కావాలంటే నా చెప్పులు చూడు, ఇంకా తడి ఆరలేదు."

"అయితే గాలి చాలట్లేదు."

"చాలట్లేదా? గేజి చూడు, నూట ఇరవై ఉంది! తొంభై దగ్గర పెట్టి వెళ్ళాను నేను. ఎవరు పెంచారు?"

"నేనే పెంచాను. పని నడవాలా వద్దా?"

"గొట్టం పగిలి ఎవరి కన్నో పోతే? పని అప్పుడు బాగా నడుస్తుందిలే! తొంభై దాటితే చేతులు విరగ్గొడతానన్నది ఎవరు? నువ్వు కాదూ? అసలేమైంది నీకీమధ్య? ఆగు. ఇదేంటి?"

"ఏది?"

"ట్రిగ్గర్ చుట్టూ ఈ గీతలేంటి? ఇదిగో, రాగి తీగ ముక్క కూడా ఇరుక్కుని ఉంది. ట్రిగ్గర్ నొక్కిపెట్టి తీగ చుట్టారెవరో!"

"ఎవడో కుర్రాడు చుట్టుంటాడు. నాకేం తెలుసు? నేను చుట్టలేదు."

"నువ్వు చుట్టావని నేనన్నానా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటావేం?"

"ఆ తీగ సంగతి నన్నడుగమ్మా, నేను చెబుతాను!"

"పెయింటరూ, నీకేంటి ఇక్కడ పని?"

"థిన్నరు డబ్బా కోసం వచ్చాను మేస్త్రీ, మీ మాటలు వినడానికి కాదు. కానీ విన్నాక ఊరుకోలేను. అమ్మా, ఇవాళ పొద్దున ఈయన బల్ల పక్కనే నేను రంగు కలుపుకుంటున్నానా, ఈయన వచ్చి గొట్టం తగిలించాడు. అంతే! డ్రిల్లు ఒక్క దూకు దూకి, నేల మీద పడి గిరగిరా తిరిగింది. నేను డబ్బాల మీదకెక్కాను. లేకపోతే నా కాలు పోయేది."

"పోలేదుగా?"

"విన్నావా అమ్మా, ‘పోలేదుగా’ అంటాడు! కాస్తలో తప్పింది కాబట్టి బతికిపోయాను."

"నీ థిన్నరు ఇదిగో, తీసుకుని నడు పెయింటరూ. నీకు దణ్ణం పెడతాను, పెద్దమేస్త్రి చెవిన మాత్రం వెయ్యకు."

"నేనెందుకు వేస్తానమ్మా? ఆయన దగ్గర పని నేర్చుకున్నవాణ్ణే నేనూ. కానీ ఆయన్ని అడుగు. ఎందుకు చుట్టాడో అడుగు. నేను వెళ్తున్నా."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పు బావా."

"ఏం చెప్పాలి?"

"ఎందుకు చుట్టావు?"

"ట్రిగ్గర్ పనిచెయ్యట్లేదని నువ్వు నమ్మవు, పెద్దమేస్త్రి నమ్మడు. నలభై రివెట్ల పని మీద పడింది. ఏం చెయ్యను? చుట్టాను. ఔను, చుట్టాను! ఉరి తియ్యి!"

"వేలు తియ్యగానే ఆగాల్సిన పనిముట్టు అది. తీగ చుట్టాక దాన్ని ఆపేదెవరు? బిట్టు రేకులో పట్టేస్తే నీ మణికట్టు తిరిగిపోయేది! అందుకేగా బెజ్జాలు వంకరపోయింది? నువ్వు పెట్టకముందే అది తిరుగుతూ ఉంటే గురి ఎలా కుదురుతుంది?"

"పెద్ద చెప్పొచ్చావులే."

"ఆ గ్లౌజులు కూడా తియ్యి. తిరిగే బిట్టు దగ్గర గ్లౌజులేంటి? ఒక్క పోగు చిక్కుకుంటే వేలు పట్టుకుపోతుంది. ఎదురుగా గోడ మీద ఎర్రరంగుతో నువ్వే రాయించావు."

"చేతులు చల్లగా ఉంటున్నాయి."

"చల్లగానా? నేనిక్కడ చెమటతో తడిసి ముద్దయిపోతుంటే!"

"నా చేతులకి చలి అన్నాను. నీకు కాదు."

"అక్క చెప్పిందిలే నీ వేషాలు. పొద్దున్నే చొక్కా గుండీలు కూడా తనే పెట్టాలట. ఈ వయసులో కొత్త పెళ్ళికొడుకయ్యాడు మీ బావ అని ఒకటే నవ్వు."

"మీ అక్కకి నోట్లో నువ్వుగింజ నానదు."

"మురిసిపోయి చెప్పింది పాపం. దానికింత కోపమెందుకు?"

"కోపం లేదు. ఆ రిజిస్టర్ తియ్యి, రాయి. టైమవుతోంది."

"రాసే ముందు నేనొకసారి చూస్తాను. ఆయిలు వేశాను. గొట్టంలోంచి ఒకసారి గాలి ఊదాను, దుమ్ము పోయింది. తగిలించాను. గాలి తొంభై. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. నొక్కుతున్నా, విను. విన్నావా? మళ్ళీ నొక్కుతున్నా. ఇంకోసారి. నొక్కినప్పుడల్లా గయ్యిమంది, వదిలినప్పుడల్లా ఆగింది. ఏదీ రోగం?"

"నీకు తిరుగుతుంది."

"నాకు తిరిగేది నీకెందుకు తిరగదు?"

"దాన్నే అడుగు. నీ పక్షం చేరింది కదా."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస!"

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"కాదు, ఏమన్నావు? ఇంకోసారి అను. నీ పాలపళ్ళు ఊడకముందు నుంచి ఈ చేత్తో పని చేస్తున్నాను. ఈ చేత్తోనే నీకు డ్రిల్లు పట్టడం నేర్పాను. నాకు ఆడ్డం రాదా?"

"నోరు జారింది బావా. తప్పే. కానీ నా విసుగు నీకేం తెలుసు? నెల రోజులుగా బాగున్నదాన్ని విప్పుతున్నా, బిగిస్తున్నా. రాత్రి అన్నం ముందు కూర్చున్నా అదే ఆలోచన, ఎక్కడ తప్పు చేస్తున్నానా అని. నాకు పని రాదేమోనని నా మీద నాకే అనుమానం పట్టుకుంది. నాకు ఏడుపొస్తోంది, తెలుసా?"

"ఏడవకు. రాయి."

"చూడకుండా రాయను. ఇదిగో, రేకు. ఒక్క బెజ్జం వెయ్యి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. పాడైందని పనిముట్టు తెచ్చినవాడు ఈ కిటికీ ముందు ఒక్క బెజ్జం వేసి చూపించాలి, చూశాకే రిజిస్టర్లో ఎక్కించాలి. ఈ పద్ధతి పెట్టిందెవరు?"

"కుర్రవెధవల కోసం పెట్టాను. పని ఎగ్గొట్టి, పాడైందని సాకులు చెబుతారని. నాకెందుకది?"

"నాలుగుసార్లూ కిటికీలోంచి డ్రిల్లు పడేసి వెళ్ళిపోయావు. బావ కదా అని ఊరుకున్నాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. ఇంకెవరైనా అయితే మొదటిరోజే నిలబెట్టి వేయించేదాన్ని."

"వెయ్యకపోతే?"

"బాగుందని రాస్తాను. చేతులారా నిన్ను గేటు దగ్గర కూర్చోబెట్టి, ఇంటికెళ్ళి అక్కకి మొహం చూపించలేక చస్తాను. బావా, నీ పక్షాన ఉన్నదాన్నే నేను. ఒట్టు! అది తిరగకూడదనే కోరుకుంటున్నా. నీ చేతిలో తిరగనిది నా కంటబడితే చాలు, పెద్దమేస్త్రి మీదకి నేనే పోట్లాటకి వెళ్తాను."

"నిజంగానా?"

"నిజంగా."

"సరే, ఇటివ్వు. కానీ చూశాక మాట మార్చకూడదు."

"మార్చను. గ్లౌజులు తీశావా? అదేంటి, వేళ్ళ చివర్లు అలా పాలిపోయాయి?"

"గ్లౌజుల్లో ఉంటే పాలిపోవా? రేకు బిగించు నువ్వు."

"రెండు వైపులా బిగించాను, కదలదు. చొక్కా చెయ్యి పైకి మడువు. వద్దు, ఉండు, నేను మడుస్తాను. కళ్ళద్దాలు పెట్టుకో. డ్రిల్లు తిన్నగా పట్టుకో. బిట్టు బిగించే చక్ తాళం దాన్లోనే వదల్లేదుగా?"

"తీశాను, తీశాను. ఎక్కడ వెయ్యాలి?"

"సుద్దతో చుక్క పెట్టాను, కనిపిస్తోందా? బిట్టు ముక్కు దాని మీద పెట్టు. చూపు అక్కడే ఉంచు. ఆఁ, అలాగే. ఇప్పుడు నొక్కు."

"నొక్కాను."

"నొక్కు బావా."

"నొక్కే ఉన్నాను! ఏదీ, తిరిగిందా? చూశావా? ఇదే నేను నెల రోజులుగా మొత్తుకుంటున్నది! చూడు, చూడు, ఉన్న బలమంతా పెట్టి నొక్కుతున్నాను, ఉలుకుందా, పలుకుందా? అమ్మయ్య! ఇప్పటికైనా నీ కంటబడింది. తియ్యి రిజిస్టర్, డ్రిల్లు పనికిరాదని పెద్ద అక్షరాలతో రాయి. ఏం, అలా నిలబడిపోయావేం? మాట ఇచ్చావు కదే అమ్మాయ్? రాయవేం?"

"బావా... చూపు దించి నీ చెయ్యి చూసుకో. నీ వేలు ట్రిగ్గర్ మీద లేదు."