ఏడో నెంబరు బెంచీ

ఇంటి పేర్లు, షాపు పేర్లు చెక్కే చిన్న దుకాణం. మధ్యాహ్నం. వెనక బల్ల దగ్గర నాన్న, లేజర్ మెషీన్ ముందు తమ్ముడు, అతని ఎదురుగా స్టూలు మీద ఫోను పట్టుకుని అక్క. క్రిస్మస్ సెలవుల ప్రయాణం తేల్చందే ఆమె లేచేలా లేదు.

"అందరం ఇరవై నాలుగున బయల్దేరుతుంటే నువ్వొక్కడివే ఇరవై మూడున ఎందుకురా? ఆ ఊరేమైనా పారిపోతోందా?"

"ముందెళ్ళి రూములవీ చూసి పెడతాను అక్కా."

"రూములు నేను చూసేశాను. రెండూ నది వైపే. ఫోటోలు పంపాను కదా, చూశావా?"

"చూశాను."

"ఏమున్నాయి?"

"నది."

"మంచాలున్నాయి. మంచాలు, బాత్రూము, పిల్లలకి ఇంకో పరుపు. నువ్వసలు తెరవనే లేదు."

"అది కాదక్కా, ఆ నెలలో నది ఒడ్డు మొత్తం పొగమంచే. ఏమీ కనపడదు. కొండల వైపు పోదామా? మా ఫ్రెండ్ వాళ్ళు వెళ్ళొచ్చారు, అబ్బో అంటున్నారు."

"కొండలెక్కుతాడా నాన్న? కొత్త మోకాలు పెట్టించుకున్నాక ఇదే కదా మొదటి ప్రయాణం. అయినా దక్షిణానికి పోతూ పొగమంచు అంటావేంట్రా, ఇక్కడికంటే అక్కడే వెచ్చగా ఉంటుంది. కోట, మ్యూజియం, నాలుగొందల ఏళ్ల వంతెన, పడవ ప్రయాణం. అన్నీ ఆ వంతెనకి అటూ ఇటూనే. నాన్న మెల్లగా నడవచ్చు."

"పడవంటే నాకు తల తిరుగుతుంది."

"నీకు ఎప్పుడు తిరిగింది? చిన్నప్పుడు పడవ దిగమంటే దిగకుండా ఏడ్చావు."

"ఒరేయ్, డాక్టర్ గారి బోర్డు అయిందా?"

"అయింది నాన్నా. ఇదిగో, సంచిలో పెట్టేశాను."

"వెనకాల మన షాపు ఫోను నెంబరు చెక్కావా?"

"చెక్కాను. గోడకి బిగించాక వెనకాల ఉన్న నెంబరు ఎవడు చూస్తాడు నాన్నా? ఊరికే టైము దండగ."

"ఊడినప్పుడు చూస్తాడు. అమ్మాయ్, రైల్లో నాకు కిటికీ పక్క సీటు చూడు. నేను వెళ్ళి ఇది బిగించేసి వస్తాను. అరగంట."

"జాగ్రత్త నాన్నా, మెట్లు చూసుకుని... చూశావా, ఎంత హుషారుగా పోతున్నాడో. ఈ ట్రిప్ నాన్నే అడిగాడు తెలుసా? నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. 'అమ్మ బెంచీ మీద కాసేపు కూర్చుని వద్దాం' అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను సెలవు పెట్టేశాను, మీ బావ చేత పెట్టించేశాను, పిల్లల స్కూల్లో చెప్పేశాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఆ ఊళ్ళో నది ఒడ్డున కూర్చుని అమ్మ ఏమందో గుర్తుందా?"

"'ఇక్కడి నుంచి నన్ను లేపకండి.'"

"లేపకండి అంది. అందుకే కదా అమ్మ పోయాక నాన్న అంత తిరిగి, పార్కు వాళ్ళ దగ్గర పర్మిషన్ తెచ్చి, ఏడో నెంబరు బెంచీకి అమ్మ పేరు పెట్టించింది. చిన్నది ఆగట్లేదురా. దానికి అమ్మమ్మ పేరే కదా. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతోంది. 'నా పేరు నది దగ్గర బెంచీ మీద ఉంది' అని క్లాసు మొత్తానికి చెప్పింది. టీచర్ నాకు ఫోను చేసి నిజమేనా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

"నువ్వు తీసిన ఫోటో పంపించాను. గోడ మీద ఉన్న ఈ ఫోటోనే. చాలా బాగుంది, ప్లేటు భలే మెరుస్తోంది అంది."

"దాన్ని ఆ గోడ నుంచి తియ్యమని నాన్నకి ఎన్నిసార్లు చెప్పానో. సరిగ్గా నా కుర్చీకి ఎదురుగా పెట్టాడు."

"ఉంటే నీకేం? మంచి ఫోటో. వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాడు, 'మావాడు వెళ్ళి బిగించి వచ్చాడు' అని."

"అదే."

"ఏంటి అదే?"

"ఏం లేదు. అక్కా, నన్ను ఇరవై మూడున పోనివ్వు. ప్లీజ్. ఒక్క రోజు."

"ఎందుకో చెప్పి పో. ఎవరైనా అమ్మాయా?"

"అమ్మాయేంటి."

"మరి? ఆ ఊరు పేరు ఎత్తినప్పటి నుంచి చూస్తున్నాను, పళ్ళు పీకించుకోబోయేవాడిలా ఉన్నావు. నా వైపు చూడు. మెషీన్ వైపు కాదు, నా వైపు."

"ప్లేటు లేదు."

"ఏ ప్లేటు?"

"బెంచీ మీద. అమ్మ ప్లేటు. లేదు."

"ఎవరైనా పీకేశారా? నీకెవరు చెప్పారు? ఇత్తడి కదా, దొంగ వెధవలు ఉంటారు..."

"ఎవరూ పీకలేదు. నేను బిగించలేదు."

"బిగించలేదంటే?"

"బిగించలేదు. అంతే."

"ఫోటో ఉంది కదరా. నా ఫోను తెరిస్తే అదే. నాలుగేళ్లుగా అదే."

"అది కాగితం."

"ఏ కాగితం?"

"చిల్లులు ఎక్కడ పెట్టాలో గుర్తుకోసం నాన్న నమూనా కాగితం ఇచ్చాడు. అదే సైజు, అవే అక్షరాలు, పసుపు కాగితం. దాన్ని బెంచీకి అంటించి దూరం నుంచి తీశాను. ఎండ పడింది. ఇత్తడిలా వచ్చింది."

"ప్లేటు ఏమైంది?"

"లాడ్జిలో ఉండిపోయింది. రూము సొరుగులో."

"ఎలా ఉండిపోతుందిరా? నువ్వు వెళ్ళిందే దానికోసం కదా. నాన్న మోకాలు ఆపరేషన్ చేయించుకుని మంచం మీదుంటే, పడుకునే చెప్పాడు నీకు, ఎలా బిగించాలో. ఆ అక్షరాలు పదిహేను రోజులు చేత్తో చెక్కాడు. నీకు తెలుసు కదా."

"తెలుసు."

"మరి?"

"ఫ్రెండ్స్ వచ్చారు నాతో. నలుగురం. ఎలాగూ పోతున్నాను కదా అని."

"వస్తే?"

"వాళ్ళకి నాన్న ఏం చేస్తాడో చెప్పలేదు. అంటే వేరే చెప్పాను. యాడ్ కంపెనీ అని. అలా చూడకు. కాలేజీలో ఒకడు అడిగాడు, ఏదో నోట్లోంచి వచ్చేసింది, తర్వాత అందరికీ అదే. ఆ ప్లేటు, ఆ డ్రిల్లు, ఆ మరలు, ఇవన్నీ బ్యాగులోంచి బయటపడితే అడుగుతారు కదా. అందుకని దిగంగానే ప్లేటు తీసి సొరుగులో పేపరు కింద దాచాను. రేపు పొద్దున వాళ్ళు లేవకముందే పోయి బిగిద్దామనుకున్నాను. నేనే లేవలేదు. ఆ మర్నాడూ లేవలేదు. ఆఖరి రోజు హడావుడిగా ఖాళీ చేశాం, సామాను స్టేషన్లో పెట్టి అందరూ టీ తాగుతుంటే నేను బెంచీ దగ్గరికి పరిగెత్తాను. బ్యాగు తెరిస్తే కాగితం ఉంది, ప్లేటు లేదు. లాడ్జి వంతెనకి అవతల. రైలుకి నలభై నిమిషాలు."

"రైలు పోతే పోయేది."

"పోయేది. ఇప్పుడు తెలుస్తోంది."

"లాడ్జికి ఫోను చేయలేదా?"

"ఏమని చేయాలి? చేస్తే కొరియర్ పంపుతామంటారు, అడ్రసు అడుగుతారు, ఇక్కడికి వస్తుంది, నాన్న చేతికి వస్తుంది. భయపడ్డాను. పది రోజులు పోయాక చేద్దామనుకున్నాను. పది రోజులు పోయాక ఇంకా ఏ మొహంతో..."

"నాన్న గురించి సిగ్గుపడ్డావు నువ్వు."

"అక్కా."

"ప్లేటు పోయిందని కాదు. నాన్న పని చూసి సిగ్గుపడ్డావు. ఇప్పుడు అదే షాపులో కూర్చుని అదే పని చేస్తున్నావు."

"రోజూ చేస్తున్నాను. తలెత్తితే ఆ ఫోటో. ఎవడొచ్చినా నాన్న దాని దగ్గరికి తీసుకెళ్తాడు, నేను బాత్రూముకి పోతాను. నాలుగేళ్లుగా బాత్రూముకి పోతూనే ఉన్నాను."

"నవ్వించకు. నాకు ఇప్పుడు నవ్వాలని లేదు. ఇంతకీ ఇరవై మూడున పోయి ఏం చేద్దామని?"

"లేజర్ మీద ఇంకోటి కొట్టేశాను. అదిగో, నా బ్యాగులో ఉంది. ముందే పోయి బిగించేస్తే..."

"నాన్న దాన్ని వేలితో తడిమి చూస్తాడు. చూడకుండా ఉంటాడా? మిషన్ అక్షరానికీ తన అక్షరానికీ తేడా తెలియదా ఆయనకి? కళ్ళు మూసుకుని చెప్తాడు."

"తెలుసు. ఇంకేం చేయాలో తెలీక చేశాను."

"సరే, విను. ట్రిప్ ఆపేస్తాను. చిన్నదానికి జ్వరం అని చెప్తాను. వచ్చే ఏడాది చూద్దామంటాను."

"దాన్నెందుకు మంచాన పడేస్తావు?"

"మరేం చేయను చెప్పు? ఆయన అక్కడిదాకా వచ్చి, కిటికీ పక్క సీట్లో కూర్చుని వచ్చి, ఖాళీ బెంచీ చూస్తే? పిల్ల 'నా పేరేది తాతయ్యా' అని అడిగితే? నేను చూడలేను రా. నేను చూడలేను."

"వద్దు, జ్వరం చెప్పకు. నేను చెప్తాను."

"ఏం చెప్తావు?"

"ఇప్పుడు నీకు చెప్పిందే."

"ఎప్పుడు?"

"రాత్రికి. లేదంటే రేపు. ఆదివారం అయితే షాపు ఉండదు, తీరిగ్గా..."

"ఇలాగే కదరా నాలుగేళ్లయింది."

"తీరిగ్గా ఏంటమ్మా? ఏం మాట్లాడుకుంటున్నారు? ఆ డాక్టరు ఇంటికి తాళం వేసుకుని పోయాడు, గుమ్మం దాకా పోయి వచ్చాను. సీటు దొరికిందా?"

"దొరుకుతుంది నాన్నా. కూర్చో ముందు. నీళ్ళు తాగు."

"మొహాలేంటి అలా ఉన్నాయి? మీ ఆయన సెలవు దొరకలేదన్నాడా?"

"లేదు నాన్నా. వీడు నీతో ఏదో చెప్పాలంటున్నాడు. నేను బయటికి పోతాను."

"ఉండు, నువ్వెక్కడికి? ఏంట్రా?"

"నాన్నా, ఆ ఫోటో."

"ఏ ఫోటో?"

"గోడ మీదిది. బెంచీ ఫోటో. అందులో ఉన్నది ప్లేటు కాదు నాన్నా. నువ్విచ్చిన నమూనా కాగితం. నేను ప్లేటు బిగించలేదు. లాడ్జి సొరుగులో వదిలేసి వచ్చాను."

"ఊఁ."

"మర్చిపోయి కాదు. అంటే చివర్లో మర్చిపోయాను. అంతకుముందు దాచాను. ఫ్రెండ్స్ చూస్తే అడుగుతారని. నువ్వు బోర్డులు చెక్కుతావని వాళ్ళకి చెప్పుకోలేక. నాకు నామోషీ అనిపించింది నాన్నా. నీ పని. అదీ సంగతి. అమ్మ పేరు పట్టుకెళ్ళి పేపరు కింద పెట్టాను."

"ఇంకా?"

"లేజర్ మీద ఇంకోటి చేశాను, నీకు తెలీకుండా పోయి పెట్టేద్దామని. అది కూడా ఉంది. ఇక ఏం లేదు."

"అంతేనా?"

"అంతే. తిట్టు నాన్నా."

"ఈ సంచి అక్కడ పెట్టి నా సొరుగు తెరువు. పైది కాదు, కింది సొరుగు. ఉలుల డబ్బా తియ్యి. దాని కింద పాలిష్ గుడ్డ ఉంటుంది."

"ఏం కావాలి?"

"గుడ్డలో ఉన్నది తియ్యి."

"నాన్నా."

"ఏంట్రా అది? నాకూ చూపించు... అయ్యో. నాన్నా, ఇది అమ్మది. ఇది అమ్మ ప్లేటే."

"వెనక్కి తిప్పు. ఏముంది?"

"మన నెంబరు."

"నువ్వు వచ్చి ఫోటో చూపించావు. మూడోరోజు లాడ్జి వాళ్ళు ఫోను చేశారు, 'మీ షాపు ప్లేటు ఒకటి మా సొరుగులో దొరికింది, పంపమంటారా' అని. మంచి మనుషులు. పంపారు."

"నాలుగేళ్లుగా తెలుసా నీకు? తెలిసీ వచ్చిన ప్రతివాడికీ ఆ ఫోటో చూపించావా?"

"నువ్వు లేనప్పుడు ఎప్పుడైనా చూపించానా? ఒకసారి గుర్తు తెచ్చుకో."

"లేదు. నేను ఈ కుర్చీలో ఉన్నప్పుడే."

"బ్యాగులో డ్రిల్లు పెట్టుకో, నాలుగు మరలు పెట్టుకో. ఈసారి నువ్వే బిగించాలి, నేను పక్కన కూర్చుంటాను. అమ్మాయ్, వీడికీ ఇరవై నాలుగే తియ్యి."

"తీస్తాను నాన్నా."

"నాన్నా, ఒక్కటి అడగనా? తెలిసినవాడివి, ఆ ఫోటోని అంతకాలం ఎలా ఉంచావు గోడ మీద?"

"ఉంచడం ఏంట్రా? దానికి ఫ్రేము కట్టించి నీ కుర్చీకి ఎదురుగా మేకు కొట్టిందే లాడ్జి వాళ్ళు ఫోను చేసిన మర్నాడు."